నేల విడిచి సాము: బహుళజాతి సంస్థల పరిశోధనలో ఏది నిలుస్తుంది?

అంతర్జాతీయ వ్యాపారం మీద పీహెచ్‌డీలో చేరినవాళ్లు తొలి ఏడాది చేసే పని దాదాపు ఒక్కటే. ఏ దేశంలోకి ఎంత విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి (ఎఫ్‌డీఐ) వచ్చిందో చెప్పే పట్టిక దించుకుని, పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు పేరుస్తారు. అమెరికా, చైనాల సరసన లక్సెంబర్గ్ కనిపిస్తుంది. ఏడు లక్షల జనాభా కూడా లేని దేశం. అక్కడ ఆగి ఇదేమిటని అడిగే విద్యార్థి ఒక రకం. ఆ దేశాన్ని 'అవుట్‌లయర్' అని పక్కకు నెట్టి, మిగతావాటి మీద రిగ్రెషన్ (ఒక అంకె మారితే ఇంకోటి ఎంత మారుతుందో అంచనా వేసే లెక్క) నడిపి, సాయంత్రానికల్లా ఫలితాల పట్టిక సిద్ధం చేసుకునే విద్యార్థి ఇంకో రకం. రెండో రకానికి పేపర్ ముందు వస్తుంది, ఉద్యోగమూ ముందే రావచ్చు. పదేళ్ల తర్వాత చెప్పుకోవడానికి ఏమైనా మిగిలేది మాత్రం మొదటి రకానికే. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

లక్సెంబర్గ్ లెక్కలో పెద్ద వాటా ఫ్యాక్టరీలది కాదు, హోల్డింగ్ కంపెనీలది, అంటే వేరే కంపెనీల వాటాలు పట్టుకుని కూర్చునేవాటిది. ఒక చిరునామా, ఇద్దరు ముగ్గురు డైరెక్టర్లు, జీతానికి పనిచేసేవాళ్లు ఒకరిద్దరు, లేదా ఎవరూ లేరు. డబ్బు ఒక గుమ్మంలోంచి వచ్చి ఇంకో గుమ్మంలోంచి వెళ్లిపోతుంది. కానీ వచ్చినప్పుడు ఒక దేశం ఖాతాలో, వెళ్లినప్పుడు ఇంకో దేశం ఖాతాలో 'ఎఫ్‌డీఐ' అని పడుతుంది. ఐఎంఎఫ్ పత్రికలో 2019లో వచ్చిన అంచనా ప్రకారం ప్రపంచ ఎఫ్‌డీఐలో దాదాపు 40 శాతం, అంటే సుమారు 15 లక్షల కోట్ల డాలర్లు, ఇలాంటి ఉత్తుత్తి పెట్టుబడే. అందులో సగం దాకా లక్సెంబర్గ్, నెదర్లాండ్స్ ఈ రెండింటిలోనే ఉంది. ఐర్లాండ్ సంగతి ఇంకా విచిత్రం. 2015లో ఆ దేశ జీడీపీ ఒక్క ఏడాదిలో 26 శాతం పెరిగినట్టు తేలింది. కొన్ని పెద్ద కంపెనీలు తమ మేధో సంపత్తిని అక్కడి పుస్తకాల్లోకి మార్చుకోవడమే దానికి ముఖ్య కారణం. ఆ అంకెను పట్టుకుని బండి నడపలేమని ఐర్లాండే జీఎన్ఐ స్టార్ అనే వేరే కొలమానం తయారుచేసుకుంది. తన అంకెను దేశమే నమ్మనప్పుడు, దాన్ని దించుకుని వేరియబుల్‌గా పెట్టేవాళ్లకు అంత నమ్మకం ఎక్కణ్నుంచి వస్తుందో.

ఈ రంగం మొదలైంది ఇలా కాదు. కెనడాకు చెందిన స్టీఫెన్ హైమర్ 1960లో ఎంఐటీకి సమర్పించిన థీసిస్‌తోనే బహుళజాతి సంస్థ అనే ప్రశ్న విడిగా నిలబడింది. అప్పటిదాకా అర్థశాస్త్రం చెప్పేది సులువైన మాట: వడ్డీ తక్కువ ఉన్న చోటు నుంచి ఎక్కువ ఉన్న చోటుకు పెట్టుబడి పోతుంది. హైమర్ లెక్కలు తీసి చూస్తే అలా లేదు. ప్రత్యక్ష పెట్టుబడి కొన్ని దేశాల్లో కాదు, కొన్ని పరిశ్రమల్లో గుమిగూడుతోంది. ఒకే పరిశ్రమలో రెండు దేశాల కంపెనీలు ఒకదాని గడ్డ మీదికి ఇంకొకటి వెళ్తున్నాయి. పైగా వెళ్లిన చోటే అప్పు తెచ్చుకుంటున్నాయి. వడ్డీ కోసమే అయితే ఇదంతా ఎందుకు? అసలు సంగతి అజమాయిషీ అన్నాడాయన. ఆ థీసిస్ పుస్తకంగా వచ్చింది 1976లో, ఆయన పోయిన రెండేళ్లకు.

తర్వాతి మైలురాళ్లూ అంతే. రేమండ్ వెర్నన్ ఆధ్వర్యంలో 1965లో హార్వర్డ్‌లో మొదలైన ప్రాజెక్టు 187 అమెరికన్ కంపెనీల సబ్సిడియరీలను (వాటి అజమాయిషీ కింద ఉన్న కంపెనీలను), అవి ఎప్పుడు పుట్టాయో ఎలా పుట్టాయో, ఒక్కొక్కటిగా నమోదు చేసింది. ఉప్సాలా నమూనా అని పాఠాల్లో చెప్పుకునే సిద్ధాంతం, అంటే కంపెనీలు దగ్గరి దేశాలతో మొదలుపెట్టి అంచెలంచెలుగా దూరం పోతాయన్నది, నాలుగు స్వీడిష్ కంపెనీల చరిత్ర మీద నిలబడింది: సాండ్విక్, అట్లాస్ కోప్కో, ఫాసిట్, వోల్వో. నాలుగంటే నాలుగే. శ్రీలత జహీర్ 1995లో 'పరాయితనపు భారం' (పరాయి దేశంలో పనిచేసే కంపెనీ మీద పడే అదనపు ఖర్చు) గురించి రాసిన పేపర్, న్యూయార్క్, టోక్యో నగరాల్లోని బ్యాంకుల ఫారెక్స్ ట్రేడింగ్ గదులను పోల్చి చూసినది. ఈ నాలుగింటిలో ఏదీ పట్టిక దించుకుని రాసింది కాదు.

ఇప్పుడు వాడుకలో ఉన్న ఒక కొలమానాన్ని దగ్గరగా చూద్దాం. రెండు దేశాల సంస్కృతులు ఎంత దూరమో చెప్పడానికి కోగుట్, సింగ్ 1988లో ఒక సూచీ ఇచ్చారు. ఐబీఎం ఉద్యోగుల నుంచి సేకరించిన ప్రశ్నావళుల ఆధారంగా హోఫ్‌స్టెడ్ అనే పరిశోధకుడు దేశాల సంస్కృతులకు ఇచ్చిన స్కోర్లే దానికి ముడిసరుకు. సంస్కృతిలోని ఒక్కో కోణంలో రెండు దేశాల తేడా తీసి, దాన్ని వర్గం చేసి, ఆ కోణపు వేరియన్స్‌తో (దేశాల స్కోర్లు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకెతో) భాగించి, నాలుగు కోణాలకూ సగటు తీస్తారు. సులువైన లెక్క, అందుకే వేలమంది వాడారు. వేరియన్స్ 400 అనుకుందాం. ఒక దేశం మనకంటే ప్రతి కోణంలోనూ 20 పాయింట్లు తేడాగా ఉంటే సూచీ 1 వస్తుంది. ఇంకో దేశం 40 పాయింట్లు తేడాగా ఉంటే సూచీ 2 రావాలి కదా? 4 వస్తుంది. వర్గమూలం తీయకుండా వదిలేశారు కాబట్టి. అంటే ఇది దూరం కాదు, దూరానికి వర్గం. దీన్ని అలాగే రిగ్రెషన్‌లో పెట్టి, ఫలితం సరళరేఖ కాదు వంపు తిరిగింది అని ఎవరైనా రాస్తే, ఆ వంపు కంపెనీలదా సూత్రానిదా?

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. శాంపిల్లో కంపెనీలన్నీ ఒకే దేశానికి చెందినవి అనుకోండి. ఒక కోణంలో ఆ దేశం స్కోరు 20, వెళ్లిన దేశాలవి 30, 50, 70. దూరాలు 10, 30, 50. స్కోరులోంచి 20 తీసేస్తే వచ్చినవి అంతే. అంటే 'దూరం పెరిగితే సంస్థ దెబ్బతింటుంది' అని తేలినా, 'ఆ లక్షణం ఎక్కువున్న దేశాల్లో ఏ సంస్థయినా దెబ్బతింటుంది' అని తేలినా మన దగ్గరున్న అంకెలు అవే. రెంటినీ విడదీయాలంటే కనీసం కొన్ని వేర్వేరు మాతృదేశాల కంపెనీలు కావాలి, లేదా ఆతిథ్య దేశంలోని స్థానిక కంపెనీలను పక్కన పెట్టి పోల్చాలి. 2016 ప్రాంతంలో దీని మీద గట్టి పేపర్లే వచ్చాయి. అయినా ఒకే మాతృదేశంతో రాసిన పేపర్లు ఆగలేదు.

సరే, విమర్శ చేయడం తేలిక. చేతితో డేటా కట్టడమంటే ఏమిటో చెప్పకపోతే ఇదీ నేల విడిచి సామే అవుతుంది.

ఒక పరిశ్రమ ఎంచుకోవాలి. ముప్పై నలభై కంపెనీలు దాటనిది, ఉత్పత్తి ఎక్కడ జరుగుతోందో బయటినుంచి ఆనవాలు పట్టగలిగేది మేలు: టైర్లు, సిమెంటు, లిఫ్టులు, ఇన్సులిన్. ప్రతి గ్రూపుకూ వార్షిక నివేదికలోని సబ్సిడియరీల జాబితా తీయాలి. అమెరికాలో లిస్టయిన కంపెనీలైతే 10-కే అనే వార్షిక నివేదికకు జతచేసే ఎగ్జిబిట్ 21లో ఉంటుంది. ఇక్కడే మొదటి గొయ్యి. ప్రధానమైనవి కాని సబ్సిడియరీలను ఆ జాబితాలో చూపించకపోయినా నియమం ఒప్పుకుంటుంది. పోయినేడు వందల పేర్లున్న జాబితా ఈ ఏడు పదికి దిగితే, కంపెనీ విదేశాల నుంచి తప్పుకుందని కాదు, న్యాయవాది మారాడని కూడా కావచ్చు. కాబట్టి జాబితాలోంచి పేరు మాయమైతే 'మూసేశారు' అని నమోదు చేయకూడదు. ఆయా దేశాల కంపెనీల రిజిస్ట్రీలో ఆ పేరు ఇంకా బతికి ఉందో లేదో చూసి రాసుకోవాలి.

రెండో పని యాజమాన్యపు గొలుసు. ఎఫ్‌డీఐ లెక్కల్లో 10 శాతం ఓటుహక్కు ఉంటే చాలు, ప్రత్యక్ష పెట్టుబడి కిందికి వస్తుంది. అజమాయిషీకి మాత్రం సాధారణంగా 50 శాతం దాటాలి. రెంటినీ కలిపేసిన డేటా దేనికీ పనికిరాదు. ఒక గొలుసు చూడండి: మాతృసంస్థకు ఒక హోల్డింగ్ కంపెనీలో 60 శాతం, ఆ హోల్డింగ్‌కు ఒక ఫ్యాక్టరీలో 60 శాతం. గుణిస్తే 36. యాభైకి తక్కువ కదా అని ఫ్యాక్టరీని తీసేస్తే తప్పు. ఎందుకంటే ప్రతి మెట్టులోనూ మెజారిటీ ఉంది, ఫ్యాక్టరీ మేనేజర్‌ను మార్చే అధికారం పైనున్నవాళ్లదే. లాభంలో వాటాకు 36 వాడాలి, అజమాయిషీకి మెట్టుమెట్టుగా చూడాలి. అలాగే ఒకే గ్రూపులోని రెండు సంస్థలకు చెరో 30 శాతం ఉంటే విడివిడిగా ఎవరికీ మెజారిటీ లేదు, గ్రూపుకు ఉంది. ప్రత్యక్ష యజమాని నెదర్లాండ్స్‌లో ఉంటే అసలు యజమాని ఎక్కడో పైకి ఎక్కుతూ పోవాలి. రెండు పేర్లూ వేర్వేరు కాలమ్స్‌లో ఉంచుకోవాలి, ఒకటి తుడిచి ఇంకోటి రాయకూడదు. పన్ను గురించిన ప్రశ్నకు మధ్యలోని హోల్డింగే జవాబు కావచ్చు.

ప్రపంచవ్యాప్తంగా కంపెనీల వివరాలిచ్చే ఆర్బిస్ లాంటి పెద్ద డేటాబేస్ ఉంది కదా అంటారు. ఉంది, వాడాలి కూడా, కానీ కళ్లు తెరుచుకుని. ఆన్‌లైన్లో కనిపించే యాజమాన్యం ఇప్పటిది. దాన్ని పదేళ్ల కిందటి లాభనష్టాలకు జతచేస్తే, నిన్న చేతులు మారిన కంపెనీ పుట్టినప్పటి నుంచీ విదేశీ కంపెనీ అయిపోతుంది. చాలాకాలంగా లెక్కలు దాఖలు చేయని సంస్థలు జాబితాలోంచి జారిపోతాయి, అంటే చచ్చినవి కనపడవు, బతికినవే మిగులుతాయి. అమెరికాలో లిస్టుకాని కంపెనీలు లెక్కలు బయటపెట్టే పనిలేదు కాబట్టి అక్కడి సబ్సిడియరీల గడులు చాలావరకు ఖాళీ. ఖాతాలు మే నెలాఖరులోగా ముగిసే కంపెనీల అంకెలు అందులో కిందటి ఏడాది పేరు మీద నమోదవుతాయి, తర్వాత ముగిసేవి ఆ ఏడాదివే. అది తెలియకుండా వేరే పట్టికతో కలిపితే ఏడాది జరిగిపోతుంది. కన్సాలిడేటెడ్ (గ్రూపంతా కలిపిన) లెక్కలు, విడి లెక్కలు రెండూ దించుకుంటే మాతృసంస్థలో సబ్సిడియరీ అమ్మకాలు రెండోసారి కలుస్తాయి. కరెన్సీ మార్చేటప్పుడు ఆస్తులకు ఏడాది చివరి రేటు, అమ్మకాలకు ఏడాది సగటు రేటు వాడాలి. రెంటికీ ఒకే రేటు వేస్తే, రేటు కుప్పకూలిన ఏడాది మంచి కంపెనీ కూడా పాడుగా కనిపిస్తుంది.

ఇలా ఒక పెద్ద గ్రూపుకు ఒక ఏడాది గొలుసు సరిచూడటానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. నలభై గ్రూపులంటే సెలవులు లేకుండా మూడు నాలుగు నెలలు. కోడింగ్ నియమాలు (ఏ వివరాన్ని ఎలా నమోదు చేయాలో) ముందే ఒక కాగితం మీద రాసుకుని, పది శాతం వరసలను మనం రాసింది చూడకుండా ఇంకొకరి చేత కోడ్ చేయించి పోల్చుకోవాలి. తేడాలన్నీ ఒకే నియమం దగ్గర వస్తుంటే లోపం మనిషిది కాదు, నియమానిది.

సర్వేలూ ఇంటర్వ్యూలూ చేసేవాళ్లకు గోతులు వేరు. ప్రశ్నావళిని అనువదించి, ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి అనువదింపజేసి, రెండూ ఒకటైతే చాలనుకుంటారు. నిజానికి మాటకు మాట పెట్టిన మొరటు అనువాదమే తిరిగి అచ్చంగా ఇంగ్లీషైపోతుంది, చదివే మేనేజర్‌కు మాత్రం అర్థం కాదు. ఐదుగురు మేనేజర్ల దగ్గర కూర్చుని, ప్రశ్న చదివాక వాళ్లకేం తోచిందో అడిగి తెలుసుకోవడమే అసలు పరీక్ష. పెట్టె నిండా టిక్కులు పడ్డాక కూడా ఒక దేశంవాళ్లు అంచులు ఎంచుకుంటారు, ఇంకో దేశంవాళ్లు నడుమ ఆగుతారు. స్కేలు రెండు చోట్లా ఒకేలా పనిచేస్తోందని తేల్చకుండా సగటులు పోల్చకూడదు. జవాబులు వచ్చే రేటూ ఒకలా ఉండదు. ఆన్-విల్ హార్జింగ్ 22 దేశాల్లో మేనేజర్లకు తపాలాలో ప్రశ్నావళి పంపితే హాంకాంగ్‌లో 7 శాతం, డెన్మార్క్‌లో 42 శాతం తిరిగొచ్చాయి. అంత తేడా ఉన్నప్పుడు ఎవరు జవాబిచ్చారన్నదే ఒక వేరియబుల్.

హెడ్డాఫీసులో 'మీ సబ్సిడియరీలకు ఎంత స్వేచ్ఛ ఉంది' అని అడిగితే 'పూర్తి స్వేచ్ఛ' అంటారు. ఎక్కడైనా అంతే. 'ఎంత మొత్తం దాటితే మీ సంతకం కావాలి, కిందటేడు అలా వచ్చినవాటిలో ఎన్ని వెనక్కి పంపారు' అని అడగాలి. తర్వాత సబ్సిడియరీకి వెళ్లి అదే ప్రశ్న అడగాలి. రెండు జవాబులకూ మధ్య ఉన్న తేడాయే పేపర్.

కష్టం తక్కువ, పేపర్లు ఎక్కువ అనుకుని యువకులు దిగి మునిగిపోయే ఊబి ఒకటుంది: విదేశాలకు ఎక్కువ విస్తరించిన కంపెనీకి లాభం ఎక్కువా, తక్కువా? సరళరేఖ అన్నారు, యు అన్నారు, తిరగేసిన యు అన్నారు, చివరకు ఎస్ ఆకారమూ అన్నారు. అక్షరమాల అయిపోలేదు, ఇంకా వస్తాయి. జాన్-ఫ్రాన్స్వా హెన్నార్ట్ 2007లో అడిగింది సూటి ప్రశ్న: ఈ రెంటికీ మధ్య అందరికీ వర్తించే సంబంధం ఎందుకుండాలి? ప్రతి కంపెనీ తనకు లాభసాటి అయినంత మేరకే విస్తరిస్తే, చిన్న దేశపు కంపెనీకి 90 శాతం సరైనది కావచ్చు, పెద్ద దేశపు కంపెనీకి 20. నా దృష్టిలో ఆ ప్రశ్నతోనే చర్చ ముగియాల్సింది. విస్తరణను కొలవడానికి ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ అంక్టాడ్ వాడే ట్రాన్స్‌నేషనాలిటీ సూచీ కూడా విదేశీ ఆస్తుల వాటా, అమ్మకాల వాటా, ఉద్యోగుల వాటా అనే మూడింటి సగటే. 90, 60, 30 అయినా 60 వస్తుంది, మూడూ 60 అయినా 60 వస్తుంది. మొదటిది ఆస్తులు బయట, మనుషులు ఇంట్లో ఉన్న కంపెనీ. రెండోది పూర్తిగా వేరే జంతువు.

దీనికి భిన్నంగా రగ్మన్, వెర్బెకె 2004లో చేసిన పని చూడండి. ఫార్చ్యూన్ 500 ప్రపంచ జాబితాలో లెక్కలు దొరికిన 365 కంపెనీల అమ్మకాలను ప్రాంతాలవారీగా విడదీశారు. ఉత్తర అమెరికా, యూరప్, ఆసియా మూడింటిలోనూ కనీసం 20 శాతం చొప్పున, ఏ ఒక్కదానిలోనూ సగం మించకుండా అమ్ముతున్నవి ఎన్నో లెక్కపెట్టారు. తొమ్మిది. 320 కంపెనీలు సొంత ప్రాంతంలోనే సగానికి పైగా అమ్ముకుంటున్నాయి. ఇందులో రిగ్రెషన్ లేదు, కూడిక, భాగహారం అంతే. గీతలు వేరేచోట గీస్తే అంకెలు మారతాయని తర్వాత విమర్శలు వచ్చాయి, న్యాయమైనవే. కానీ గీత ఎక్కడుందో అందరికీ కనిపించింది కాబట్టే విమర్శించగలిగారు.

ఎదురుగా ఉన్న వాదన నాకు తెలుసు. టెన్యూర్ (శాశ్వత ఉద్యోగం) గడియారం ఆగదు. డీన్ చూసేది పత్రికల ర్యాంకులు: ఎఫ్‌టీ 50 జాబితా, ఏబీఎస్ స్టార్లు, ఏబీడీసీ అక్షరాలు. మూడేళ్లు డేటా కడుతూ కూర్చుంటే మూడేళ్లు పేపర్ లేదు. నిజమే. అందుకే మొత్తం ప్రపంచాన్ని కట్టమనడం లేదు. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఒక పరిశ్రమ, కొన్నేళ్ల కాలం చాలు. దానిలోంచి మొదటి పేపర్ యాజమాన్యం మీద, రెండోది తప్పుకోవడం మీద, మూడోది పన్ను మీద రావచ్చు. మొదటి పేపర్ ఆలస్యమవుతుంది, రెండోదీ మూడోదీ కావు. డేటా చేతిలో ఉన్నవాళ్ల దగ్గరికి అకౌంటింగ్‌వాళ్లూ, భూగోళశాస్త్రంవాళ్లూ సహరచయితలుగా తామే వస్తారు.

రివ్యూల దగ్గరా ఇదే ఆదుకుంటుంది. ఈ రంగంలో రివ్యూయర్ తప్పకుండా అడిగేది సెలక్షన్ గురించి, అంటే కంపెనీలు తమ దారి తామే ఎంచుకోవడం వల్ల వచ్చే తేడా గురించి. 1998లో మైల్స్ షేవర్ చూపించింది అదే: కొత్తగా ఫ్యాక్టరీ కట్టినవి కొనుగోలు చేసినవాటి కంటే ఎక్కువకాలం బతికినట్టు కనిపించినా, ఏ కంపెనీ ఏ దారి ఎంచుకుందన్నది లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా నిలబడలేదు. దించుకున్న డేటాతో ఉన్నవాళ్లు ఈ ప్రశ్నకు ఏదో ఒక ఇన్‌స్ట్రుమెంట్ (ఎంపికను మార్చి, ఫలితాన్ని నేరుగా తాకని వేరియబుల్) వెతుక్కుని తడబడతారు. గొలుసు చేత్తో కట్టినవాళ్లకు, ఫలానా మూడు కంపెనీలు కొనుగోలు దారి పట్టింది ఆ ఏడాది కొత్త లైసెన్సులు ఆగిపోయినందుకే అని తెలుసు. జవాబు రాసేటప్పుడు మాత్రం పద్ధతి పాటించాలి. రివ్యూయర్ మాటను ఉన్నదున్నట్టు దించి, కింద చేసిన మార్పు, పేజీ నంబరు రాయాలి. ఒప్పుకోనిచోట ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పి, అడిగిన పరీక్ష మాత్రం చేసి పట్టిక చూపించాలి. 'విలువైన సూచనకు ధన్యవాదాలు' అని పదిహేనుసార్లు రాస్తే ఎడిటర్‌కు చిరాకు.

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లకు ముందు తరానికి లేని వసతి ఒకటి వచ్చింది. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం, రెండేళ్లు వరసగా 75 కోట్ల యూరోల ఆదాయం దాటిన గ్రూపులు 2024 జూన్ 22న గానీ ఆ తర్వాత గానీ మొదలయ్యే ఆర్థిక సంవత్సరాల నుంచి దేశాలవారీ నివేదిక బహిరంగంగా ఇవ్వాలి: ఆదాయం, పన్నుకు ముందు లాభం, కట్టిన పన్ను, ఉద్యోగుల సంఖ్య. జనవరిలో ఏడాది మొదలయ్యే గ్రూపులకు 2025 లెక్కలు 2026 చివరికల్లా రావాలి. ఏ దేశంలో ఎంతమంది పనిచేస్తే ఎంత లాభం రాసుకున్నారో పక్కపక్కన కనిపిస్తుంది. అయితే యూనియన్ దేశాలు, పన్ను విషయంలో సహకరించని జాబితాలోని దేశాలు తప్ప మిగతా ప్రపంచమంతా ఒకే వరసలో కలిపేయవచ్చు. పైగా వెబ్‌సైటులో ఐదేళ్లు ఉంచితే చాలు, తర్వాత తీసేయవచ్చు. కాబట్టి ప్రతి ఏడాదీ వచ్చిన నివేదికను వచ్చినట్టే దించుకుని, దించుకున్న తేదీతో సహా దాచిపెట్టుకోవాలి. సవరించిన ప్రతి వస్తే పాతదాని మీద రాయకుండా వేరే ఫైలుగా ఉంచాలి.